బట్టల దుకాణంలో బయ్యర్ ఉద్యోగం: జీతం ఎంత అడగాలి, ఏం చూపించి అడగాలి

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏదైనా పెద్ద బట్టల దుకాణంలోకి వెళ్లి, ‘ఇక్కడ సరుకు ఎవరు కొంటారు?’ అని అడిగి చూడండి. ఊరి దుకాణమైతే గల్లా దగ్గర కూర్చున్న యజమానినో, ఆయన తమ్ముడినో చూపిస్తారు. ఊరూరా శాఖలున్న చైన్ షోరూమైతే ‘మాకు పైనుంచే వస్తుంది సార్’ అంటారు. అంటే దుకాణానికి కావలసిన సరుకు కొనిపెట్టే బయ్యర్ అనే కుర్చీ మన ఊళ్లో బోర్డు పెట్టుకుని కనిపించదు. ఉద్యోగ ప్రకటనల్లో వెతికితే దొరికేది బహుతక్కువ. అయినా ఉద్యోగాలున్నాయి, జీతాలూ పెరుగుతున్నాయి. వాటిని చేరుకునే దారి కొంచెం చుట్టు, అంతే.

నేను నెల్లూరులో ఒక దుకాణం గోడౌన్‌లో పార్సెళ్లు విప్పే పనితో మొదలుపెట్టి, కొన్నేళ్లు హైదరాబాదులో ఒక చైన్ షోరూమ్ హెడ్ ఆఫీసులో కొనుగోళ్లు చూసి, మళ్లీ ఇంటికి చేరినవాణ్ణి. తమ్ముడి వరసయ్యే కుర్రాళ్లు, బి.కాం. పూర్తిచేసిన అమ్మాయిలు తరచూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను. చీరలు, రెడీమేడ్ బట్టల సంగతే ఎక్కువగా చెబుతాను, నాకు చేతికి తెలిసింది అదే కనుక. కిరాణా, చెప్పులు, గృహోపకరణాలు కొనేవారికి కూడా లెక్క మాత్రం ఇదే.

ముందు ఏ కుర్చీ కావాలో తేల్చుకోండి

ఊరి దుకాణంలో డబ్బు సంచి యజమాని చేతిలోనే ఉంటుంది. మీరు ఆయన పక్కన కూర్చుని రకం చూస్తారు, ధర గుర్తుచేస్తారు, వద్దనాల్సిన చోట మోకాలితో చిన్నగా తడతారు. పేరుకు ‘పర్చేజ్’ అంటారు. నేను చూసినంతలో దీనికి మొదట్లో నెలకు పదిహేను నుంచి ఇరవై వేలు ఇస్తారు. అయిదారేళ్లు గడిచి, మీరు లేకుండా యజమాని సరుకు కోసం సూరత్ బండి ఎక్కని స్థితి వస్తే ముప్పై అయిదు, నలభై దాటుతుంది.

చైన్ షోరూముల కొనుగోళ్లన్నీ హైదరాబాదు, బెంగళూరు, చెన్నై, ముంబయి లాంటి చోట్ల హెడ్ ఆఫీసుల్లో జరుగుతాయి. నెల్లూరు, ఒంగోలు శాఖల్లో ఉండేది స్టోర్ మేనేజరు. ఆయన ఇండెంటు, అంటే కావలసిన సరుకు పట్టీ, పంపుతాడు, కొనడు. హెడ్ ఆఫీసులో అసిస్టెంట్ బయ్యర్‌గా చేరితే ఏడాదికి నాలుగు నుంచి ఆరు లక్షల మధ్య మాట నడుస్తుంది. ఒక విభాగం మొత్తాన్ని మోసే బయ్యర్ పది లక్షల చుట్టుపక్కల తిరుగుతాడు. ఆ పైన విభాగాధిపతులకు ఎంతన్నది కంపెనీని బట్టి, మనిషిని బట్టి. ఇవి నా చుట్టూ ఉన్నవారి జీతాలు చూసి చెబుతున్న అంకెలు, గెజిట్‌లో వేసినవి కావు.

నా సలహా: ఇరవై అయిదేళ్ల లోపు వారు మొదటి కుర్చీలో రెండు మూడేళ్లు కూర్చుని రెండో దానికి వెళ్లండి. తిరగేసి చేస్తే కంప్యూటర్ తెరమీద అంకెలు తెలుస్తాయి గానీ, గుడ్డ పట్టుకుంటే వేళ్లకు ఏమీ తెలియదు.

గోడౌన్‌లో ఆరు నెలలు

కౌంటరు మీద అమ్మకం నేర్పిస్తామంటే మంచిదే. అంతకంటే ముందు గోడౌన్ అడగండి. అందరూ తప్పించుకునే చోటు అది, కాబట్టి తేలికగా ఇస్తారు. లారీ ఆఫీసు నుంచి పార్సెల్ వస్తుంది. బిల్లు, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఉండే జీఎస్టీ పత్రం) పక్కన పెట్టుకుని పీసులు లెక్కపెడతారు. రంగుల పట్టీ ప్రకారం వచ్చిందా, పన్నెండు రంగులు చెప్పి ఎనిమిదే పంపారా, అంచు చిరిగిన చీరలెన్ని, జాకెట్టు ముక్క లేనివెన్ని అన్నీ అక్కడే బయటపడతాయి. ఏ వ్యాపారి మాట మీద నిలబడతాడు, ఎవడు పై నాలుగు చీరలు మంచివి పెట్టి కింద పాతవి దూరుస్తాడు అన్నది ఏసీ గదిలో కూర్చుంటే ఎన్నటికీ తెలియదు.

ట్యాగు మీది గుట్టు కూడా అక్కడే పట్టుబడుతుంది. చాలా దుకాణాల్లో అసలు ధరను అంకెల్లో రాయరు. పది వేర్వేరు అక్షరాలను ఒక వరసలో పెట్టుకుని, మొదటిదాన్ని 1గా, చివరిదాన్ని 0గా వాడతారు. క, గ, చ, జ, ట, డ, త, ద, ప, బ అన్నది వరస అనుకుందాం. ట్యాగు మూల ‘దజబ’ అని ఉంటే ఆ చీర 840కి వచ్చిందన్న మాట. దాని పక్కన వచ్చిన నెల గుర్తు ఉంటుంది. నెల గుర్తు చూడటం అలవాటు చేసుకోండి, సరుకు ఎన్నాళ్లుగా మిగిలి ఉందో చెప్పేది అదే. అసలు ధర చూసేవాడు గుమాస్తా, నెల చూసేవాడు బయ్యర్ అవుతాడని మా పాత మేనేజరు అనేవారు. ఆయన చెప్పినవాటిలో సగం మరిచిపోయాను గానీ, ఇది మాత్రం నాకు జీతం తెచ్చిపెట్టింది.

నోటుబుక్కు పెట్టండి: జీతానికి ఆధారం అదే

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే చదువుతానంటే ఇది చదవండి. బయ్యర్‌కు జీతం పెరిగేది బేరం ఆడినందుకు కాదు. తెచ్చిన సరుకు పూర్తి ధరకు ఎంత పోయింది, ఎంత మిగిలింది అని చూపించగలిగినందుకు. దుకాణం కంప్యూటర్‌లో ఈ లెక్క ఉంటుంది, కానీ మీ పేరు మీద ఉండదు. అందుకే మీ నోటుబుక్కు మీది.

ఒక్కో లాటుకు, అంటే ఒక్కసారిగా తెచ్చిన ఒక రకం సరుకుకు, ఒక పేజీ. తేదీ, వ్యాపారి, రకం, పీసులు, కొన్న ధర, అమ్మకానికి పెట్టిన ధర, నలభై అయిదో రోజుకు పోయినవి, తొంభయ్యో రోజుకు పోయినవి, తగ్గింపులో పోయినవి, మిగిలినవి. అంతకు మించి రాయకండి, నెలరోజుల్లో విసుగొచ్చి మానేస్తారు.

ఇప్పుడు ఒక లాటును దగ్గరగా చూద్దాం. జీఎస్టీని పక్కన పెట్టండి. ఒక రకం ఫ్యాన్సీ చీర 60 పీసులు తీసుకుంటే 800 చొప్పున ఇస్తానన్నాడు వ్యాపారి. 40 చాలంటే 820కి తగ్గనన్నాడు. అమ్మే ధర 1,200.

అరవయ్యీ తెచ్చారనుకోండి. పెట్టుబడి 48,000. మొదటి నలభై పూర్తి ధరకు పోయాయి, 48,000 వచ్చింది. తర్వాతి పన్నెండు ఆషాఢం తగ్గింపులో 900కు పోయాయి, 10,800. చివరి ఎనిమిది గుట్టలో వేసి 500కు వదిలించుకున్నారు, 4,000. మొత్తం 62,800. మిగిలింది 14,800.

నలభయ్యే తెచ్చారనుకోండి. పెట్టుబడి 32,800. అన్నీ పూర్తి ధరకు పోయాయి, 48,000. మిగిలింది 15,200.

పీసుకు ఇరవై రూపాయలు ఎక్కువ పెట్టిన వాడికి నాలుగు వందలు ఎక్కువ మిగిలింది. అతని దగ్గర పదిహేను వేల రూపాయలు ఖాళీగా ఉన్నాయి, వాటితో ఇంకో రకం తెచ్చుకోవచ్చు. అరలో చోటు కూడా ఖాళీ. అయినా దుకాణంలో భుజం తట్టించుకునేది ‘800కే పట్టుకొచ్చాను’ అన్నవాడే. ఆ ఎనిమిది చీరల గుట్ట సంగతి ఎవరికీ గుర్తుండదు. మీ నోటుబుక్కులో ఉంటే గుర్తుంటుంది.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. 800కు కొని 1,200కు అమ్మితే సగానికి సగం లాభం అంటారు. కొన్న ధర మీద అయితే అంతే. అమ్మిన ధర మీద చూస్తే మూడో వంతు, అంటే 33 శాతం. హెడ్ ఆఫీసుల్లో మార్జిన్ అంటే ఎప్పుడూ అమ్మిన ధర మీద లెక్కే. పైన అరవై చీరల లాటులో చివరకు చేతికొచ్చింది 23.6 శాతం, నలభై చీరల దానిలో 31.7. ఇంటర్వ్యూలో ఈ రెండు లెక్కలను కలిపేసి మాట్లాడితే అక్కడితో కథ ముగిసినట్టే. నేను ఒకసారి అలాగే ఇంటిదారి పట్టాను.

కంప్యూటర్‌లో ఎక్సెల్ వస్తే ఈ పేజీలను అందులోకి ఎక్కించండి. రాకపోతే నేర్చుకోండి, అంకెలను రకాలవారీగా కూడి చూపే పివట్ టేబుల్ దాకా వస్తే చాలు. చదువు బి.కాం. అయినా పరవాలేదు. ఫ్యాషన్ మేనేజ్‌మెంట్ పీజీ చేయాలనుకుంటే హైదరాబాదు నిఫ్ట్‌లో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) ఉంది. ఆ పట్టా పెద్ద కంపెనీల గుమ్మం తెరుస్తుంది, గుమ్మం దాటాక అడిగేది మాత్రం లాట్ల లెక్కే.

పంచాంగం, పంట, వాన: మూడూ చూసి కొనండి

మన ప్రాంతపు బయ్యర్‌కు ముంబయిలో చదివినవాడికంటే ఎక్కువ తెలిసేది ఇక్కడే. మీ విలువను గట్టిగా చూపించుకోవలసిందీ ఇక్కడే.

పంచాంగం సంగతి మొదట. పట్టుచీరలు ముహూర్తాల మీద పోతాయి. 2025 నవంబరు చివరి నుంచి 2026 ఫిబ్రవరి మధ్య దాకా శుక్ర మూఢం వచ్చింది. పెళ్లిళ్లు లేవు. ఆ రెండున్నర నెలలకు పెళ్లి సరుకు నింపుకున్న దుకాణం పని ఏమవుతుందో ఊహించుకోండి. 2026లో జ్యేష్ఠం అధికమాసంగా మే 17 నుంచి జూన్ 15 వరకు వచ్చింది. దానివల్ల ఆ తర్వాతి మాసాలన్నీ ఆలస్యంగా వస్తాయి. 2025లో శ్రావణం జూలై 25నే మొదలైతే, 2026లో ఆగస్టు 13న. గత ఏడాది అమ్మకాల పట్టీ చూసి అదే వారానికి సరుకు దింపమనే కంప్యూటర్‌కు ఇది తెలియదు. మీకు తెలుసు. వెనుకటి ఏడాది తేదీలను తిథుల ప్రకారం సర్దిన ఒక కాగితం తయారుచేసి మీ పై అధికారి బల్ల మీద పెట్టండి. హైదరాబాదులో నాకు మొదటిసారి పేరొచ్చింది అలాంటి కాగితంతోనే.

నాకు చెడ్డపేరు వచ్చిందీ పంచాంగంతోనే. అంతకు కొన్నేళ్ల ముందు మూఢం చూసుకోకుండా కంచి బార్డరు చీరలు డెబ్బై దింపించాను. నెలల తరబడి అవి మడత విప్పకుండా అరలో ఉండిపోయాయి. ముహూర్తాలు వచ్చాక ఒక పెళ్లివారు చీర విప్పమంటే, మడత దగ్గర జరీ గీత గీసినట్టు నల్లబడి ఉంది. ఆ పెద్దావిడ చీరనేమీ అనలేదు. గీత మీద వేలు రాసి, లేచి వెళ్లిపోయింది. అప్పటి నుంచి పట్టుచీరలను నెలకోసారి మడత మార్పించడం, మూఢాల తేదీలు నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోవడం రెండూ మొదలుపెట్టాను.

ఇక పంట. నెల్లూరు జిల్లాలో వరి కోతలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఊపందుకుంటాయి. వడ్ల డబ్బు చేతికి వచ్చాక కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు నుంచి కుటుంబాలు బట్టలకు వస్తాయి. ప్రకాశం వైపు లెక్క వేరు. టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల్లో పొగాకు అమ్ముడయ్యే కొద్దీ డబ్బు నేరుగా రైతు బ్యాంకు ఖాతాలో పడుతుంది. వేలం వేసవి పొడవునా సాగుతుంది కాబట్టి ఒంగోలు దుకాణాల్లో కొనుగోలు కూడా సాగుతూ ఉంటుంది, ఒక్కసారిగా ఎగసిపడదు. ఆక్వా ప్రాంతాల్లో రొయ్య ధర పడిపోతే ఖరీదైన చీరల వాటా తగ్గించండి. వార్తాపత్రికలో సినిమా పేజీ కంటే ముందు మార్కెట్ ధరల పేజీ తిరగేసే బయ్యర్‌ను నేను నమ్ముతాను.

మూడోది వాన. మన తీరానికి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సరిగ్గా దీపావళి అమ్మకాల వేళ వాయుగుండం ఒకటి వచ్చి కూర్చుంటుంది. అందుకని దీపావళి సరుకంతా చివరి పది రోజుల మీద పెట్టుకోకండి. సగం దసరాకే అరల్లోకి ఎక్కించండి. సూరత్ నుంచి లారీలో వచ్చే పార్సెల్‌కు మామూలుగా వారం పది రోజులు పడుతుంది, పండగ ముందు ఇంకా ఆలస్యం. హైదరాబాదు హెడ్ ఆఫీసులో ఈ మాట చెప్పడానికి నాకు రెండు దీపావళులు పట్టింది, మూడోది వానలో తడిశాక విన్నారు.

మన చుట్టూ ఉన్న మార్కెట్లు తిరగండి

సొంత డబ్బుతో అయినా సరే, ఏడాదిలో మూడు చోట్లయినా చూడండి. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చెన్నై, అక్కడ గోడౌన్ స్ట్రీట్, షావుకారుపేట. ఇటు విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత. చేనేత కోసం కోవూరు దగ్గర పాటూరు, ఆ పైన వెంకటగిరి. వెళ్లినప్పుడు కొనకపోయినా ఒకే రకం ధర మూడు చోట్ల రాసుకోండి. నెల్లూరు వాళ్లలో చాలామందికి తమిళం వస్తుంది. ఇది మీ దరఖాస్తులో చిన్న అక్షరాలతో కాక పెద్దగా రాయవలసిన అర్హత. తిరుప్పూరు, ఈరోడు, ఎలంపిళ్లై వ్యాపారితో అతని భాషలో మాట్లాడే బయ్యర్‌కు మొదటి ధర, చివరి ధర మధ్య దూరం తగ్గిపోతుంది. హిందీ కూడా పనికొచ్చే మేరకు నేర్చుకోండి, సూరత్‌లో అది లేకపోతే ఏజెంటు చెప్పిందే వేదం.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో

రెడీమేడ్ దుస్తులకు 2025 సెప్టెంబరు 22 నుంచి పీసు ధర 2,500 దాకా జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. అంతకు ముందు గీత వెయ్యి దగ్గర ఉండేది, దాటితే 12. అంటే 2,600కు పెట్టాలనుకున్న కుర్తీ సెట్టును ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. వంద రూపాయల కోసం పన్ను ఎంత పెరుగుతోందో లెక్క కట్టి చూపించండి.

రెండోది చెల్లింపు గడువు. ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది) ఉన్న సూక్ష్మ, చిన్న తరహా తయారీదారుకు రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఆ గడువు దాటి, ఏడాది చివరకు కూడా ఇవ్వకపోతే ఆ ఏడాది ఖర్చుగా ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోలేరు. ఈ నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కొని అమ్మే టోకు వ్యాపారులకు ఇది వర్తించదు. అందుకే కొత్త వ్యాపారిని చేర్చుకునేటప్పుడు నమోదు పత్రం అడిగి ఫైలులో పెట్టండి. మార్చి నెలాఖరులో అకౌంట్స్ విభాగం మిమ్మల్ని వెతుక్కుంటూ రాకుండా ఉంటుంది.

కవరు ముట్టుకోకండి

చేరిన ఏడాది లోపే ఎవరో ఒకరు దీపావళికి మిఠాయి డబ్బా కింద కవరు పెట్టి ఇస్తారు. లేదా ‘పీసుకు అయిదు మీకు’ అంటారు. నీతి సంగతి మీకు ఇంట్లో పెద్దలు చెప్పే ఉంటారు. నేను వ్యాపారం సంగతి చెబుతాను. ఇచ్చినవాడే ఆ మాట పక్క దుకాణంలో చెబుతాడు. ఈ మార్కెట్‌లో పీసుకు అయిదు తీసుకున్నవాడి పేరు వారంలో గోడౌన్ స్ట్రీట్ దాకా వెళుతుంది, ఆ తర్వాత అతను తెచ్చిన మంచి లాటునూ ఎవరూ నమ్మరు.

జీతం మాట్లాడేటప్పుడు

హెడ్ ఆఫీసు వారు ‘ఏడాదికి ఆరు లక్షలు’ అంటారు. నెలకు యాభై వేలని ఇంట్లో చెప్పేయకండి. కాగితం మీద ఇలా విడగొట్టండి. అందులో పనితీరును బట్టి ఇచ్చేది ఏడాదికి 60,000 అయితే నెలకు 5,000 పక్కకు పోయింది. మూల వేతనం 25,000 అనుకుంటే గ్రాట్యుటీ కింద సుమారు 1,200 రాసుకుంటారు. కంపెనీ వాటా పీఎఫ్ చట్టం తప్పనిసరి చేసిన పరిమితి మీదే కడితే 1,800. మిగిలింది 42,000. అందులోంచి మీ వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి వచ్చేది నలభై వేలు. పీఎఫ్ పూర్తి మూల వేతనం మీద 12 శాతం కడితే ఇంకొంచెం తగ్గుతుంది, అది మీ పేరునే దాచినట్టు. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి జీతం 12,75,000 దాకా ఆదాయపు పన్ను పడదు కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

నెల్లూరులో ఇంటి నుంచి వెళ్లివస్తూ సంపాదించే 28,000తో ఆ నలభైని పోల్చి చూడండి. హైదరాబాదులో గది అద్దె, తిండి, పండగలకు ఊరి ప్రయాణాలు తీసేస్తే తేడా పెద్దగా ఉండదు. అయినా వెళ్లమనే అంటాను, ఎందుకంటే రెండేళ్ల తర్వాత పెరిగే మెట్టు అక్కడ ఎత్తు. ఊరి దుకాణంలో జీతం 21,000 లోపు అయితే ఈఎస్ఐ కార్డు ఉందో లేదో తప్పకుండా అడగండి. మీ వాటా 0.75 శాతమే, ఇంటిల్లిపాదికీ వైద్యం.

ప్రోత్సాహకం దేని మీద అన్నదే అసలు బేరం. మొత్తం కొనుగోళ్ల మీదో, అమ్మకాల మీదో అంటే ఒప్పుకోకండి. అలా అయితే ఎక్కువ తెచ్చినవాడే గొప్ప అవుతాడు. తొంభై రోజుల్లో పూర్తి ధరకు పోయిన భాగం మీద అడగండి. యజమాని మొదట తెల్లబోతాడు, తర్వాత ఇష్టపడతాడు. సూరత్ ప్రయాణాలకు రోజు భత్యం, రైలు తరగతి కూడా ముందే మాట్లాడుకోండి.

ఇంటర్వ్యూకు మూడు పేజీలు తీసుకెళ్లండి. బాగా పోయిన లాటు ఒకటి, మునిగిన లాటు ఒకటి, అందరూ తెస్తుంటే మీరు వద్దన్న లాటు ఒకటి. మూడోదే ఎక్కువసేపు అడుగుతారు.

ముందు ముందు ఎలా ఉంటుంది

ఉప్పు, సబ్బు, బనీను లాంటివాటికి మళ్లీ ఆర్డరు పెట్టే పని కంప్యూటర్ చేసేస్తోంది. అలాంటి సరుకు మీదే ఉండిపోతే మీ కుర్చీ ఇరుకవుతుంది. సూరత్ వ్యాపారి వాట్సాప్ వీడియోలో చీరలు పరిచి చూపిస్తున్నాడు కాబట్టి ప్రయాణాలు తగ్గుతాయి. అయితే వీడియోలో రంగు మోసం చేస్తుంది, బరువు తెలియదు. చేనేత, పట్టు, పెళ్లి సరుకు, పిల్లల దుస్తుల కొలతలు చేత్తో పట్టుకు చూసేవారి కోసం ఇంకా చాలాకాలం అడుగుతాయి. చీరలు కట్టుకునే ఆడవాళ్లు కొనుగోలు కుర్చీల్లో ఇంత తక్కువమంది ఉండటం నాకెప్పుడూ వింతే. కౌంటరు మీద పదేళ్లుగా అమ్ముతున్న అక్కలు ఆ కుర్చీ అడిగి తీసుకోవాలి.

బయ్యర్ నుంచి విభాగాధిపతి, ఆన్‌లైన్ కంపెనీలో ఒక రకం సరుకంతా చూసుకునే క్యాటగిరీ మేనేజరు, కంపెనీ సొంత బ్రాండు బట్టలు కుట్టించే పని, లేదా అయిదారు ఊరి దుకాణాలకు కలిపి సరుకు కొనిపెట్టే ఏజెంటు. దారులు ఇవి. కావలి, ఒంగోలు, పొదిలి లాంటి ఊళ్ల చిన్న దుకాణాలకు చివరిదాని అవసరం ఉంది, దానికి పెట్టుబడి కంటే నమ్మకం ఎక్కువ కావాలి.

చేరే రోజు ఒక సంతకం

ఎక్కడ చేరినా, మొదటి రోజు టీ తాగి గోడౌన్‌కు వెళ్లండి. ఆర్నెల్లు దాటిన సరుకు పట్టీ తీయించండి. రకం, పీసులు, వచ్చిన నెల. దాని కింద తేదీ వేసి, మీరొకటి, యజమానో మేనేజరో ఒకటి సంతకాలు పెట్టి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. పాత బయ్యర్ మిగిల్చిన గుట్ట ఏడాది తిరిగేసరికి మీ ఖాతాలోకి వచ్చి చేరుతుంది, ఎవరు తెచ్చారో అప్పటికి ఎవరికీ గుర్తుండదు. సంతకం అడగడానికి మొహమాటంగా ఉంటే, ‘సార్, దీన్ని ఎంత త్వరగా వదిలించగలనో లెక్క చూపించడానికి’ అని అడగండి. నిజమూ అదే.